మానేటి వంతెన: చరిత్రపై విమర్శ, పేరుపై ప్రతిపాదన

వంతెనల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా మూడు విషయములతో తృప్తి పడుచుందురు. పొడవెంత, వ్యయమెంత, ప్రారంభోత్సవము చేసినవారెవరు? ఈ మూడును శిలాఫలకముపై చెక్కదగినవే. కాని శిలాఫలకము చరిత్ర కాదు. ఏ అవసరము ఆ వంతెనను పుట్టించినది, దాని బరువును ఏది మోయుచున్నది, జనులు దానిని ఏ పేరున పిలుచుచున్నారు, ఆ పేరు ఆ కట్టడమును సరిగా తెలుపుచున్నదా అను ప్రశ్నలకు సమాధానము దొరకినప్పుడే అది చరిత్ర యగును. కరీంనగరమున మానేటిపై వెలసిన క్రొత్త వంతెనను గూర్చి తెలుగున వచ్చుచున్న వ్రాతలను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు కరీంనగరపు వంతెనతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. మన సంఘముల సంచికలలో తిరుమలనాయకుని మహలును గూర్చియు, రాణి మంగమ్మ వేయించిన బాటలను, సత్రములను గూర్చియు, విజయరంగ చొక్కనాథుని వచన రచనలను గూర్చియు వ్యాసములు వచ్చుచునే యున్నవి. అవి రావలసినవే. అయితే తెలుగు మాట గతించిన వైభవమును వర్ణించుటకు మాత్రమే పనికివచ్చుననియు, నేటి వస్తువును వివరింపవలసి వచ్చినపుడు దానికి నోరు పెగలదనియు మన పిల్లలు తలచినచో, ఆ భాషను వారు పూజ్యముగా ఒక గూటిలో నుంచుదురు గాని నిత్యము వాడుకొనరు. దేశమున తెలుగు మాటాడు పెద్ద సమాజమొకటి తన నదిపై కట్టుకొన్న అత్యాధునికమైన కట్టడమును తన భాషలో సరిగా చెప్పగలుగుచున్నదా లేదా అనునది, ఆ భాషను దూరమునుండి కాపాడుకొనుచున్న మనకు అందఱి కంటె ఎక్కువ సంబంధించిన విషయము.

వైగైపై వంతెన

ముందుగా మన కన్నులయెదుట నున్న నదితో మొదలుపెట్టుదము. మధురలో వైగై ఏడాది పొడవునా నిండుగా పారు నది కాదు. వానలు వెనుకబట్టిన పిమ్మట చాల భాగము ఇసుకయే. చిత్తిరై ఉత్సవమున అళగరుస్వామి ఆ నదిలో దిగుటయే మహా వేడుక. ఏడాదిలో ఎన్నో దినములు కాలినడకను, బండ్ల మీదను ఇసుక దారినే దాటుటకు వీలైన నదికి, వంతెన యొక్క అవసరము వరద దినములలోనే తెలియవచ్చును. పాతనగరమును ఉత్తరపు గట్టుననున్న గోరిపాళయముతో కలుపు పెద్ద వంతెన 1889లో వచ్చినది. విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్టు విక్టరు 1889-90లలో భారతదేశమున పర్యటించెను. ఆయన పేరే దానికి పెట్టిరి.

ఆ రాజకుమారుడు సింహాసన మెక్కకయే 1892లో మరణించెను. ఆయన పేరు మాత్రము మధుర వీథులలో రెండక్షరములుగా కుదించుకొని నేటికిని ‘ఏవీ వంతెన’గా నిలిచియున్నది. ఆ యక్షరముల వెనుక నున్న మనిషి యెవరని అడిగినచో చెప్పగలవారు అరుదు. దీనివలన మనకొక సంగతి తెలియుచున్నది. వంతెనకు అవసరముతోను, రూపముతోను సంబంధము లేని పేరు పెట్టినచో, ఆ పేరు నిలుచును గాని దాని అర్థము నిలువదు. అయినను ఆ పేరువలన ఒక కీడు లేదు: అది కట్టడమును గూర్చి అబద్ధము చెప్పదు. కమానులపై కూర్చుండిన ఆ వంతెనను చూచినవారికి అది యెట్లు నిలిచినదో చూపుననే తెలియును. రాతికి నొక్కుడు సుఖము, లాగుడు కష్టము. కమానులో బరువంతయు నొక్కుడుగా మారి కంబములకు చేరును. అందుచేతనే రాతి కమానులు శతాబ్దములు బ్రతుకును. 1578లో హైదరాబాదున మూసీపై కట్టిన పురానాపూలు కూడ ఈ జాతిదే.

మానేటిపై వంతెన

ఇక మానేటికి వత్తము. గోదావరికి ఉపనదియైన మానేటి తీరమున ఎలగందుల కోట యున్నది. ఆ ప్రాంతమునకు జిల్లా కేంద్రముగా నుండిన గౌరవము 1905లో ఎలగందుల నుండి కరీంనగరమునకు మారినది. శ్రీరామసాగరము పథకములో భాగముగా కరీంనగరపు అంచుననే కట్టిన దిగువ మానేరు ఆనకట్ట 1985 నాటికి పూర్తియైనది. నగరము పెరిగిన కొలది, హైదరాబాదు వైపు పోవు బండ్లును, వరంగల్లు వైపు పోవు బండ్లును అలుగునూరు వద్దనున్న వంతెన మీదనే దాటవలసి వచ్చుటచే రద్దీ యధికమైనది. ఆ భారమును తగ్గించి, వరంగల్లు దారిని దగ్గర చేయుటకై ఆనకట్టకు దిగువన నగరమును సదాశివపల్లితో కలుపుచు క్రొత్త వంతెన కట్టిరి. రెండు ఎత్తైన స్తంభములు, వాటినుండి ఏటవాలుగా దిగిన ఉక్కు మోకులు, సుమారు 500 మీటర్ల బాట – ఇది దాని స్వరూపము. వ్యయము రెండు వందల కోట్ల రూపాయలకు పైబడినది. 2023 జూను 21న నాటి రాష్ట్ర మంత్రి కె. తారకరామారావుగారు దానిని ప్రారంభించిరి.

ఈ వంతెనను గూర్చి వెలువడిన తెలుగు వ్రాతలలో అధికభాగము పైని చివరి రెండు వాక్యములను విస్తరించి వ్రాసినవే. దీపాల వెలుగు, రంగులు, సెలవు దినములలో వచ్చు జనసందోహము, విదేశములను తలపించు శోభ – ఇవి తఱచుగా కనబడు వర్ణనలు. వర్ణనను నేను నిందింపను. నదిపై నొక సుందరమైన కట్టడము లేచినపుడు ఆ యూరివారు సంతసించుట న్యాయము. కాని ‘విదేశమువలె నున్నది’ అనుట వర్ణన కాదు, వర్ణన చేయుట మానుకొనుట. చూచిన వస్తువును తన మాటలతో చెప్పలేనివాడు మాత్రమే అది మరియొక చోటి వస్తువు వలె నున్నదని చెప్పి తప్పించుకొనును. అలుగునూరు వంతెనపై నిలిచిపోయిన బండ్ల వరుసయు, మానకొండూరు వైపు పల్లెలవారికి కలిగిన సౌకర్యమును, అన్నిటికంటె ముఖ్యముగా ఈ రూపము నేల యెన్నుకొనిరను ప్రశ్నయు ఆ వ్రాతలలో వెదకి పట్టుకొనవలసినవిగా నున్నవి.

ఊయలయా, కావడియా?

అంతకంటె పెద్ద లోపము పేరులో నున్నది. ఈ కట్టడమునకు వాడుకలో మూడు పేర్లు కలవు: తీగల వంతెన, వ్రేలాడు వంతెన, కేబుల్ బ్రిడ్జి. హైదరాబాదున దుర్గము చెరువుపై 2020 సెప్టెంబరులో ప్రారంభమైన వంతెనకును ఈ పేర్లే. 2022 అక్టోబరు 30న గుజరాతులోని మోర్బీ పట్టణమున మచ్ఛూ నదిపై కూలి 135 మంది ప్రాణములను బలిగొన్న కాలినడక వంతెనకును మన పత్రికలు ఈ పేర్లనే వాడినవి. చదువరికి ఈ మూడు కట్టడములును ఒకే జాతివని తోచుటలో వింత లేదు. కాని అవి ఒకే జాతివి కావు.

మోర్బీ వంతెన నిజముగా వ్రేలాడు వంతెన. ఇట్టి దానికి ఇరువైపుల స్తంభములుండును. వాటి తలలమీదుగా ప్రధానమైన మోకులు పోయి, నడుమ దండవలె క్రుంగి, కొసలు గట్టున నేలలో గట్టిగా బిగింపబడును. ఆ మోకుల నుండి నిలువుగా దిగిన సన్నని కడ్డీలు బాటను పట్టుకొనును. బాట మోకునకు వ్రేలాడును. మోకు నేలను పట్టుకొని బ్రతుకును. ఇది ఊయల పద్ధతి.

మానేటి వంతెన అట్టిది కాదు. దానిలో క్రుంగిన మోకు లేదు. స్తంభము నుండి ప్రతి మోకును తిన్నగా, ఏటవాలుగా దిగివచ్చి బాటనే నేరుగా పట్టుకొనుచున్నది. స్తంభమునకు ఒకవైపు మోకులు నది నడిమి బాటను ఎత్తిపట్టగా, రెండవవైపు మోకులు దానికి సరితూకముగా నిలుచును. ఇది కావడి పద్ధతి. బద్దకు ఇరువైపుల బరువు సమముగా నున్నంత కాలము మోయువాని భుజము నిటారుగా నిలుచును. పళని కొండకు కావడి మోసికొనిపోవువారిని ఏటేటా చూచుచున్న మన ప్రాంతపువారికి ఇంతకు మించిన వివరణము అక్కరలేదు.

ఇందొక సూక్ష్మము కలదు. ఏటవాలు మోకు బాటను పైకి లాగుటయే కాక, స్తంభము వైపునకు కూడ లాగును. ఇరువైపుల నుండి వచ్చు ఈ లాగుడు బాట పొడవునా నొక్కుడుగా మారును. వ్రేలాడు వంతెనలో గట్టుననున్న నేల భరింపవలసిన లాగుడును ఇక్కడ బాట తానే నొక్కుడుగా భరించును. కాబట్టి గట్లపై బ్రహ్మాండమైన లంగరు దిమ్మెలు కట్టవలసిన పని తప్పును. కట్టునపుడు కూడ స్తంభమునకు ఇరువైపుల ఒక్కొక్క తునకను సమముగా చేర్చి, మోకుతో పట్టి, పిదప మరియొక తునకను చేర్చుచు పోవుదురు. నదిలో అడుగడుగున కంబములు నాటక, క్రిందనుండి బోదెలు పెట్టక, గాలిలోనే బాటను పెంచుకొనిపోవుటకు వీలగును. ఈ పద్ధతికి ఆయువుపట్టు ఈ సరితూకమే.

మా బడిలో ఎనిమిదవ తరగతి పిల్లలకు ‘వ్రేలాడు వంతెన’ బొమ్మ గీయుడని చెప్పగా, అందఱును క్రుంగిన త్రాడునే గీసిరి. పిమ్మట మానేటి వంతెన ఛాయాచిత్రమును చూపితిని. ఒక బాలిక లేచి, “అయ్యా, ఇది వ్రేలాడుట లేదు గదా, నిలబడి పట్టుకొన్నది” అనెను. పేరు తప్పుదారి పట్టించినను కన్ను తప్పలేదు. ఆ బాలిక చెప్పిన మాటలో నున్నంత నిజము మన వార్తల శీర్షికలలో లేదు.

ఈ పొరపాటు మన భాషకే పరిమితమైనది కాదని కూడ చెప్పవలెను. రాజస్థానమున కోటా నగరమువద్ద చంబలు నదిపై 2017లో ప్రారంభమైన ఇట్టి వంతెననే అక్కడివారు ‘హేంగింగ్ బ్రిడ్జి’ అనుచున్నారు. బెంగుళూరు కృష్ణరాజపురమున రైలుదారుల మీదుగా 2003లో వెలసిన దానిని కన్నడిగులు ‘తూగు సేతువె’ అనిరి. అందఱును త్రాళ్లను చూచి వ్రేలాడుట అని భావించిరి. తప్పు పలువురు చేయుటచే ఒప్పు కాజాలదు.

రూపము పుట్టిన విధము

పేరు సరిగా లేనందున చరిత్రయు సరిగా లేకపోయినది. రెండు జాతులను ఒకటిగా తలచిన వారికి, రెండవ జాతి ఎప్పుడు, ఏల, ఎంత కష్టముపై వచ్చినదో వెదకవలెనను బుద్ధియే పుట్టదు.

ఏటవాలు ఊతలతో బాటను పట్టుట అను భావము పాతది. 17వ శతాబ్ది తొలినాళ్లలో క్రొయేషియా దేశీయుడు ఫౌస్టో వెరాంజియో తన యంత్రచిత్రముల గ్రంథమున అట్టి వంతెనను చిత్రించెను. కాని భావమునకును కట్టడమునకును నడుమ రెండు శతాబ్దములకు పైగా ఎడము కలదు. స్కాట్లండున ట్వీడు నదిపై డ్రైబరోవద్ద ఈ పద్ధతిని కట్టిన నడక వంతెన 1818లో గాలివానకు కూలెను. జర్మనీలో నియెన్‌బుర్గువద్ద సాలె నదిపై కట్టినది 1825 డిసెంబరులో ఉత్సవమునకు చేరిన జనుల బరువునకు కూలెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నావియే 1823లో ప్రకటించిన గ్రంథమున వ్రేలాడు వంతెనలనే మెచ్చెను. ఆ పిమ్మట చిరకాలము ఏటవాలు మోకుల పద్ధతి వెనుకబడియుండెను.

దానికి కారణము పద్ధతిలో లేదు, సాధనములలో నున్నది. ప్రతి మోకునకు ఎంత లాగుడు పడునో ముందుగా లెక్కవేయుట అప్పటివారికి అసాధ్యము. మోకులు ఇనుప గొలుసులు, కడ్డీలు. అవి సాగి సడలిపోవుచుండెను. ఒక మోకు సడలినచో దాని బరువు ప్రక్కదానిపై పడును, అదియు సడలును. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనీలో నదులపై నున్న వంతెనలు అనేకము నాశమైన పిమ్మట, తక్కువ ఉక్కుతో త్వరగా కట్టవలసిన అక్కర కలిగినది. అప్పటికి గట్టి ఉక్కు తీగలును, లెక్క కట్టు విధానములును వచ్చియుండెను. జర్మను ఇంజనీరు ఫ్రాంజ్ డిషింగర్ రూపకల్పన చేసిన స్వీడను దేశపు స్ట్రోమ్‌సుండ్ వంతెన 1950ల నడుమ పూర్తియైనది. 1957లో డ్యూసెల్‌డార్ఫున రైను నదిపై మరియొకటి వచ్చినది. అక్కడి నుండి ఈ జాతి లోకమంతట వ్యాపించినది. మానేటిపై నేడు మనము చూచుచున్నది ఈ వంశములోని కొమ్మ. దానిని ‘విదేశమువలె నున్నది’ అని పొగడుటకంటె, ఏ ఓటములనుండి ఏ లెక్కలు నేర్చుకొని ఈ రూపము మన నది వఱకు వచ్చినదో చెప్పుట మన పిల్లలకు ఎక్కువ మేలు చేయును.

మోకు, తీగ

ఇచట ‘తీగ’ అను మాటను కూడ తరచి చూడవలెను. కరీంనగరము వెండి తీగపనికి ప్రసిద్ధి కెక్కిన యూరు. వెంట్రుక వలె సన్నగా తీసిన వెండిని మెలిపెట్టి, అతికి, పెట్టెలు, పళ్లెములు చేయు అక్కడి పనివారికి తీగయన నేమో మనకంటె బాగుగా తెలియును. అట్టి యూరిలో వందల టన్నుల బరువును మోయు ఉక్కు మోకును ‘తీగ’ అనుట ఆ మాటకు, ఆ వస్తువునకు గూడ న్యాయము కాదు.

ఇది కేవలము శబ్దవివాదము కాదు. మోకనగా లావుపాటి పెద్ద త్రాడు. వంతెన మోకులో ఎన్నో తీగలుండును. ఆ తీగలు కలసి మోకు అగును. మోర్బీ దుర్ఘటనపై విచారణ జరిపిన సంఘము, కూలిన ప్రధాన మోకులోని 49 తీగలలో 22 ముందుగనే తుప్పుపట్టి యుండెనని తేల్చెను. ఆ వంతెన మరమ్మతుల పిమ్మట తిరిగి తెఱచి నాలుగు దినములు మాత్రమే అయినది. తీగకును మోకునకును భేదము తెలియని భాషలో ఈ వాక్యమును ఎట్లు వ్రాయుదుము? ‘తీగల వంతెన తీగలోని తీగలు తుప్పుపట్టినవి’ అని వ్రాయవలసి వచ్చును. అట్టి వాక్యమునుండి ఎవరును ఏమియు నేర్చుకొనజాలరు.

ఇటలీలోని జెనోవా నగరమున 1967లో తెఱచిన పెద్ద వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది మరణించిరి. దాని ఊతలలోని ఉక్కును కాంక్రీటు పొరలో కప్పియుంచుటచే లోపలి తుప్పు పైకి కనబడుట కష్టమయ్యెను. నేటి వంతెనలలో ఊతలు అనేకములుగా నుండుటయు, వాటిని పరీక్షించుటకు, అవసరమైనచో ఒక్కొక్కదానిని మార్చుటకు వీలుండునట్లు కట్టుటయు ఇట్టి అనుభవముల ఫలమే. అనగా ఈ జాతి వంతెనకు ప్రారంభోత్సవము చరిత్రకు అంతము కాదు, ఆరంభము. ప్రతి మోకు బిగువును ఏటేటా చూచుచుండుటయే దాని నిజమైన చరిత్ర. మన వ్రాతలు ప్రారంభోత్సవముతో ఆగిపోవుటచే, పౌరుడు అడుగవలసిన ప్రశ్న అడుగబడకయే పోవుచున్నది: ఈ యేడు మోకులను పరీక్షించిరా? దీపములు వెలుగుచున్నవా అని అడుగుట సులభము. ఆ ప్రశ్నకు మాటలు కలవు. మోకును గూర్చి అడుగుటకు మాటలు కావలెను.

పేరు పెట్టుట

భారతదేశమున ఈ జాతి వంతెనలలో ప్రఖ్యాతమైనది కలకత్తాలో హుగ్లీపై నున్నది. 1972లో శంకుస్థాపన జరిగినను పని 1979లో గాని మొదలు కాలేదు. 1992 అక్టోబరు 10న రాకపోకలకు తెఱచిరి. మొత్తము 823 మీటర్ల పొడవులో రెండు స్తంభముల నడుమ దూరమే 457 మీటర్లు. బంగాళీయులు దానికి ‘విద్యాసాగర సేతువు’ అని పేరిడిరి. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు సంఘసంస్కర్తయే కాక, 1855లో ‘వర్ణపరిచయము’ అను పుస్తకము వ్రాసి బంగాళీ పిల్లలకు అక్షరములు నేర్పినవాడు. ఒక నగరము తన మహానదిపై కట్టుకొన్న వంతెనకు అక్షరాభ్యాసపు పుస్తకము వ్రాసినవాని పేరు పెట్టుకొన్నది. మధురలో ఒక రాజకుమారుని పేరు నిలిచినది. కలకత్తాలో ఒక ఉపాధ్యాయుని పేరు నిలిచినది. తెలుగునాట బాలశిక్ష కూర్చిన పుదూరు సీతారామశాస్త్రి పేరును ఏ వంతెనకైనను పెట్టవలెనను తలంపు ఎవరికైనను కలిగినదా అని అడుగుట తప్పు కాదనుకొందును.

అయితే వ్యక్తి పేరు ఒక యెత్తు, జాతి పేరు మరియొక యెత్తు. వ్యక్తి పేరు ప్రభుత్వములు పెట్టును. జాతి పేరు భాష పెట్టవలెను. ఈ జాతికి ‘ఊతమోకుల వంతెన’ అను పేరును ప్రతిపాదించుచున్నాను. ఊతకఱ్ఱ తెలియని తెలుగువాడు లేడు. ఊత యనగా పడకుండ పట్టు ఆధారము. మోకు తెలియని రైతు లేడు. కోయంబత్తూరు ప్రాంతమున ఎద్దులతో కపిల తోలి నూతినీరు తోడిన కుటుంబములకు అది నిత్యపు మాట. ఊతనిచ్చు మోకు ఊతమోకు. వ్రేలాడు వంతెనకు ‘వ్రేలు వంతెన’ అను పేరునే ఉంచుదము. అపుడు మోర్బీది వ్రేలు వంతెన, మానేటిది ఊతమోకుల వంతెన, వైగైది కమాను వంతెన అగును. పేరు వినగనే ఏది దేనిచే నిలిచినదో తెలియును.

ఆక్షేపణములు

దీనికి రెండు ఆక్షేపణములు రావచ్చును. మొదటిది, పేరు పెట్టు హక్కు జనులది గాని పండితులది కాదని. ఇది చాల వఱకు నిజము. సంస్కృతమున వారిధి యనగా సముద్రము. తెలుగువారు వారధియని వంతెనను పిలిచిరి. ఏ పండితుడు దానిని ఆపగలిగెను? జనుల నోట ‘తీగల వంతెన’ నిలిచినచో నిలువనిండు. అందు ఒక సొగసు కూడ కలదు. కాని జనుల పేరు చూపునకు పుట్టినది. పాఠ్యపుస్తకమున, వార్తలో, విచారణ నివేదికలో వాడు పేరు తెలివికి పుట్టవలెను. పైరును పచ్చగానున్నదని యందఱు చెప్పుదురు. రైతు మాత్రము వరియో, రాగియో చెప్పును. ఒకటి యుండుటవలన రెండవది అక్కరలేదని కాదు.

రెండవది, ఆంగ్లపదమునే వాడుకొనిన సరిపోదా యని. ఎరువు తెచ్చుకొన్న మాటలపై నాకు పగ లేదు. రైలు, రోడ్డు, బస్సు మన మాటలైపోయినవి. తమిళమునుండి ‘పాలము’ను తెచ్చుకొని మన మధుర, కోయంబత్తూరు ఇండ్లలో వంతెన కంటె ఎక్కువగా దానినే వాడుచున్నాము, అందు సిగ్గు పడవలసిన దేమియు లేదు. కాని ‘కేబుల్ బ్రిడ్జి’ అను మాట కూడ వ్రేలు వంతెనను, ఊతమోకుల వంతెనను వేఱుచేయదు. ఆంగ్లేయులు తమ భాషలో ఈ రెంటికిని వేర్వేరు పేర్లుంచుకొనిరి. మనము వారినుండి భేదమును వదలి గందరగోళమును మాత్రము దిగుమతి చేసికొంటిమి. ఎరువు తెచ్చుకొన్న నగ నచ్చును. విఱిగిన నగను ఎరువు తెచ్చుకొనుట ఎందుకు?

మనము చేయదగినది

2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టముచే, ఒకటవ తరగతి మొదలుకొని ఏటేటా పై తరగతులకు తమిళము నిర్బంధపాఠ్యమైనది. మనము తమిళము నేర్చుటలో ఆక్షేపణ లేదు. అది మన బజారు భాష, పొరుగు భాష, చాలమందికి ప్రాణమిత్రుల భాష. కాని అప్పటినుండి మన బడులలో తెలుగు గంటకు ‘దీనివలన ప్రయోజనమేమి?’ అను ప్రశ్న గట్టిగా వినబడుచున్నది. ఆ ప్రశ్నకు నాయకరాజుల పేర్లు చెప్పుట సమాధానము కాజాలదు. తెలుగున ఒక వంతెనను, ఒక మోటారును, ఒక జ్వరమును సరిగా వివరింపగలమని చూపుటయే సమాధానము. ఆ పని మనకై హైదరాబాదువారో, విజయవాడవారో చేసి పంపుదురని ఎదురుచూచుటకు కారణము లేదు. మానేటి వంతెన విషయమున వారికిని ఆ పని మిగిలియే యున్నది.

కావున సంఘమువారికి రెండు విన్నపములు. మొదటిది, మన బడుల ఉపాధ్యాయులు, మనలోని ఇంజనీర్లు, పాతపనులెఱిగిన పెద్దలు కలసి కట్టడములకు సంబంధించిన మాటల పట్టికను కూర్చవలెను. నొక్కుడు, లాగుడు, ఊత, మోకు, కమాను, దిమ్మె, కంబము మొదలగునవి మన నాలుకలపై ఇంకను బ్రతికియున్నవి. రెండవది, కోయంబత్తూరున నొయ్యలును, మధురలో వైగైని మన పూర్వులు ఏ రేవున, ఏ సాధనముతో దాటుచుండిరో, ఆ దాటుడునకు ఏ మాటలు వాడుచుండిరో పెద్దలను అడిగి వ్రాసికొనవలెను. రేవు, తెప్ప, పుట్టి, కాలిబాట, పాలము – ఈ మాటలను మన పిల్లల చేతనే సేకరింపజేసినచో వారికి వంతెన చరిత్ర ఎట్లు వ్రాయవలెనో ఎవరును చెప్పనక్కరలేదు.

మానేటి వంతెనను చూచుటకు మనలో కొందఱు తీర్థయాత్రలకు పోవుచు దారిలో ఆగుదురు. ఆగినవారు దీపములను చూడుడు, నదిని చూడుడు. పిమ్మట ఒక మోకు బాటను పట్టుకొన్న చోట నిలిచి, అది పైకి పోయి ఎచట ముగియునో, దానికి సరితూకముగా రెండవవైపు ఏ మోకున్నదో చూడుడు. ఇంటికి వచ్చి దానిని పిల్లలకు తెలుగున చెప్పుడు.